నచ్చిన డైరెక్టరు, నచ్చని రోబో

నచ్చిన డైరెక్టరు తీసిన నచ్చని సినిమాను చూడాలా వద్దా అన్నది కడప జిల్లా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులల్లో సినిమా ప్రశ్న కాదు, మర్యాద ప్రశ్న. చూసి బాగాలేదంటే డైరెక్టరు మర్యాద పోతుంది. చూడకపోతే అభిమాని మర్యాద పోతుంది. ఈ చిక్కుకు చక్కటి ఉదాహరణ 2018 నవంబరు 29న వచ్చిన శంకర్ సినిమా '2.0'.

శంకర్ అరవ డైరెక్టరన్న సంగతి ఈ మూడు ఊళ్లలో ఎవరూ పట్టించుకోలేదు. 'జెంటిల్‌మన్', 'భారతీయుడు', 'అపరిచితుడు' ఇక్కడ సొంత సినిమాల్లాగే ఆడాయి. లంచగొండిని తెర మీద చంపుతుంటే ఈలలు వేసి, మర్నాడు ఆఫీసులో కవరు పట్టుకుని వరుసలో నిలబడటం తెలుగు ప్రేక్షకుడికి అలవాటే. శంకర్ సినిమా అతన్ని మార్చదు, సంతోషపెడుతుంది. అంతకంటే ఎక్కువ ఎవరూ అడగలేదు కూడా.

2010 అక్టోబరు 1న 'రోబో' వచ్చింది. అందులో రజనీకాంత్ వేసిన చిట్టి అనే రోబోకు లోకంలోని పుస్తకాలన్నీ తెలుసు, లౌక్యం మాత్రం తెలియదు. నవ్వంతా అక్కడే పుట్టింది. అందులో ఒక ఘట్టాన్ని కడప జిల్లా వాసులు ప్రత్యేకంగా గమనించాలి. కత్తులు, కొడవళ్లతో మీద పడిన గుంపు ఆయుధాలన్నిటినీ చిట్టి అయస్కాంతంలా లాగేసుకుని అమ్మవారి రూపంలో నిలబడుతుంది. సుమోలూ, వేటకొడవళ్లూ తప్ప ఈ సీమలో ఇంకేమీ లేనట్టు ఏళ్ల తరబడి సినిమాలు తీసిన తెలుగు నిర్మాతల కంటబడని ఉపాయాన్ని ఒక అరవ ఇంజనీరు కనిపెట్టాడన్నమాట. ఫ్యాక్షన్ సినిమాలో రెండో రీలుకే ఇలాంటి రోబోను దింపి ఉంటే ఎంత ఫిల్మ్ మిగిలేదో!

ఎనిమిదేళ్ల తర్వాత '2.0'లో చిట్టిని మళ్లీ బిగించారు. ఈసారి చెన్నైలో జనం చేతుల్లోని సెల్‌ఫోన్లు ఎగిరిపోతాయి. ఎగిరినవన్నీ కలిసి ఒక రాకాసి పక్షిగా మారతాయి. సెల్ టవర్ల రేడియేషన్ వల్ల పిట్టలు చచ్చిపోతున్నాయని టవర్ మీదే ఉరేసుకున్న ముసలి పక్షిశాస్త్రవేత్త పక్షిరాజు ఆత్మ అది. ఈ కథ మీద సెల్‌ఫోన్ కంపెనీల సంఘం సెన్సార్ బోర్డుకు ఫిర్యాదు కూడా చేసింది. చేయకపోతే సినిమాకు ఆ మాత్రం ప్రచారమూ దక్కేది కాదేమో.

ఇక చూడాలా వద్దా అని తేల్చుకునే పద్ధతి. ప్రొద్దుటూరు బంగారం అంగళ్లకు పేరున్న ఊరు. గ్రాము బంగారమైనా గీటురాయి మీద గీయకుండా అక్కడ ఎవరూ తీసుకోరు. అదే ఊళ్లో సినిమాకు మాత్రం డైరెక్టరు పేరే హాల్‌మార్కు. మొదటిరోజు పేరు చూసి వెళ్తారు. రెండోరోజు నుంచి వెళ్లొచ్చినవాళ్లను అడుగుతారు.

"అన్నా, ఎట్లుంది సినిమా?"

"గ్రాఫిక్స్ బాగుండాయి లేబ్బా."

అడిగినవాడు ఇంకేమీ అడగడు. పెళ్లికొడుకు ఎలా ఉన్నాడంటే మండపం అలంకరణ బాగుందన్నట్టు ఉంది జవాబు. చెప్పినవాడు అబద్ధం ఆడలేదు, డైరెక్టరును అవమానించనూ లేదు. వందల కోట్లు పోసి, సినిమాను 3డీ కెమెరాలతోనే తీసిన శ్రమ మొత్తం ఆ ముక్కలో ఇమిడిపోయింది.

పులివెందులలో ఈ తీర్పుకు ఇంకో కొలత వాడవచ్చు. 'మల్లీశ్వరి' తీసిన బి.ఎన్. రెడ్డి ఆ తాలూకాలో పుట్టినవాడు. ఆయన తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించగా కె.వి. రెడ్డి తీసిన 'మాయాబజార్' 1957లో వచ్చింది. అందులోనూ వస్తువులు ఎగురుతాయి. లడ్డూలు వాటంతటవే వెళ్లి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. మార్కస్ బార్‌ట్లే కెమెరా చేసిన ఆ మాయను చూసి ఇప్పటికీ పిల్లలు నవ్వుతారు, ఎందుకంటే తినేవాడికి ఆకలి ఉంది, ఆనందం ఉంది. '2.0'లో ఫోన్లు లక్షల కొద్దీ ఎగిరి చివరికి ఉపన్యాసం ఇస్తాయి. నవ్వించాల్సిన చోట దర్శకుడికి జాలి కలిగితే వచ్చే చిక్కు ఇది. ముసలాయన గతం చెప్పే భాగంలో బాధ నిజమైనదే, కానీ అది వేరే సినిమాలో ఉండాల్సిన బాధ.

అయినా '2.0' చూడదగ్గదే, కొన్ని చోట్ల. చిట్టి తన పొగరుబోతు అవతారంలోకి మారిన దగ్గర్నుంచి రజనీకాంత్‌కు ప్రాణం లేచొస్తుంది. చివర్లో పావురాల మీద సవారీ చేస్తూ వచ్చే వేలెడంత 3.0 రోబోలు 'రోబో'లోని అల్లరిని తిరిగి తెస్తాయి. నీల అనే ఆడ రోబో మాటలు మధ్యరకం. 'రోబో' హీరోయిన్ సనా ఫోన్‌లో గొంతుగా వినిపిస్తుందే తప్ప కనబడదు కాబట్టి ఐశ్వర్యా రాయ్ కోసం వెళ్లేవాళ్లు వెళ్లనక్కర్లేదు. తొందరున్నవాళ్లు ముసలాయన గతాన్ని దాటేసినా కథ అర్థమవుతుంది. ఇది 3డీలో చూడాల్సిన సినిమా. ఇప్పుడు ఎక్కువమంది చూసేది మాత్రం మంచం మీద పడుకుని, సెల్‌ఫోన్‌లో. పక్షిరాజు ఆత్మకు ఇంతకు మించిన పరాభవం ఉండదు.

దర్శకుడి మీద గౌరవం తగ్గుతుందేమోనన్న భయానికి ఆధారం లేదు. 'మాయాబజార్' తీసిన కె.వి. రెడ్డే అదే నాగిరెడ్డి, చక్రపాణిల విజయా సంస్థకు 1968లో 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ' తీశాడు. అది జనానికి నచ్చలేదు. అందుకని 'మాయాబజార్' చూడటం ఎవరూ మానలేదు.

జమ్మలమడుగుకు ఈ నియమాలు వర్తించవు. 2023 ఆరంభంలో శంకర్ 'భారతీయుడు 2' షూటింగ్‌కు కమల్ హాసన్‌తో సహా పక్కనే ఉన్న గండికోటకు వచ్చాడు. 2024 జూలైలో వచ్చిన ఆ సినిమాను దేశమంతా తిట్టింది. గండికోట పక్కనున్నవాళ్లు చూడాలా వద్దా అన్న చర్చ జోలికే పోనక్కర్లేదు. డైరెక్టరు ఎవరైనా, కథ ఏదైనా, తమ కొండరాళ్లు తెర మీద ఎన్ని నిమిషాలు కనిపించాయో లెక్కపెట్టడానికి టిక్కెట్టు కొనాల్సిందే.