ఫొటోలో పచ్చన, వాగులో బురద

బొగ్గు బెల్టులో వానాకాలం వచ్చిందని చాటేది కప్పలు కాదు, షామియానాలు. ఓపెన్‌కాస్టు గని పక్కనున్న ఓబీ గుట్ట, అంటే బొగ్గు మీది నుంచి తవ్వి పోసిన మట్టీ రాళ్ల గుట్ట, నెత్తిని డోజరుతో చదును చేస్తారు. తివాచీ పరుస్తారు. గుంతలు ముందే సిద్ధంగా ఉంటాయి. అయ్యగారు వచ్చి, వేపమొక్కను నల్ల ప్లాస్టిక్ సంచితో సహా గుంతలో నిలబెట్టి, చెంబెడు నీళ్లు పోసి, కెమెరా వైపు చూస్తారు. సంచి చింపాలని పక్కనున్న తోటమాలికి తెలుసు. కానీ ప్రొటోకాల్‌లో ఆయన వంతు రాదు.

నాటింది చదును మీద. జారేది వాగువైపు ఏటవాలు. అక్కడ ఒక్క మొక్కా లేదేమంటే, అక్కడికి కారు పోదు మరి!

గుట్ట వాలు 37.5 డిగ్రీలు మించకూడదని బొగ్గు గనుల నిబంధన. అది హద్దు. మనవాళ్లు వినయంగా దాన్నే లక్ష్యం చేసుకున్నారు. మీది నుంచి టిప్పర్లు కుమ్మరించిన వదులు మట్టిని ఎండాకాలమంతా నిలబెట్టి, 'చూశారా, నిలిచింది' అంటారు. మొదటి ముసురుకే అది వాగులోకి నడక మొదలుపెడుతుంది.

"సారూ, గుట్ట మీద మొక్కలైతే కనవడ్తలేవు గని, గుట్టే మా పొలంలకు వచ్చింది" అని వాగు కింది రైతు మొత్తుకుంటే సారు ఫైలు తెరిచారు. ఫైల్లో అన్నీ బతికే ఉన్నాయి. నిరుడు నాటినవీ, మొన్న నాటినవీ. గుంతలు మాత్రం నిరుటివే, పొదుపు!

నవ్వుకోవడానికి ఇంతవరకే. 1966 అక్టోబరు 21న వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో, నీటి ఊట మీద పోసిన గని వ్యర్థాల గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది చనిపోయారు, వారిలో 116 మంది పిల్లలు. 2016 డిసెంబరులో జార్ఖండ్‌లోని లాల్‌మటియా గనిలో ఓబీ కూలి 23 మంది కార్మికులు పోయారు. చిన్న చెట్టు వేరు మీటరో రెండు మీటర్లో పట్టి ఉంచుతుంది. పెద్ద గుట్ట జారేది అంతకంటే ఎంతో లోతున, నీరు నిండిన చోట. దాన్ని వేపమొక్క ఆపలేదు, శిలాఫలకం అసలే ఆపలేదు.

పని వరస తెలియనిదేమీ కాదు. ముందు వాలు తగ్గించి మెట్లు కొట్టాలి. మెట్టు మెట్టుకూ వాననీటి కాలువ తీయాలి. గుట్ట అడుగున రాతికట్ట, దాని ముందు బురద ఆగే గుంట ఉండాలి. తవ్వేటప్పుడు విడిగా దాచిన పైమట్టిని గుట్ట మీద పరవాలి. కొబ్బరిపీచు చాపలు వేసి వట్టివేరు, స్టైలో గడ్డి పట్టించాలి. నత్రజని లేని ఆ మట్టిలో కానుగ, తుమ్మ లాంటివి ఆ తర్వాత. మన వరసలో మాత్రం మొదట మొక్క, తర్వాత ఫొటో, ఆనక బిల్లు. కాలువ వచ్చే బడ్జెట్‌లో. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలన్నారు. ఇక్కడ మానయ్యే దాకా మొక్క ఉంటే కదా!

ఈసారి ఆహ్వానపత్రిక వస్తే తప్పక వెళ్లండి. ఎన్ని నాటారని అడగొద్దు, అది వాళ్లే మైకులో చెబుతారు. మూడు వానాకాలాలు దాటి ఏటవాలు మీద ఎన్ని బతికాయో, వాగులో మేట ఎంత పెరిగిందో అడగండి. ఆ రెండు అంకెలూ గుట్ట కింద బోర్డు మీద రాసే దాకా చప్పట్లు కొట్టకండి.