జత తప్పిన ఇరుసు

ఈ ఇరుసు పుట్టింది గాగెనావ్‌లో. నైరుతి జర్మనీలో, బ్లాక్ ఫారెస్ట్ అంచున, ముర్గ్ నది ఒడ్డునున్న ఊరది. 1951 నుంచి అర్ధశతాబ్దం పాటు డైమ్లర్-బెంజ్ అక్కడే ఉనిమోగ్ బండ్లు తయారు చేసింది. పోత పోయడం, తరిమెన పట్టడం, పళ్లు కోయడం అన్ని ఇరుసులకూ జరిగేవే. కాబట్టి దాని గర్వమంతా వంశం గురించీ, చేసిన పని గురించీ.

ఉనిమోగ్ వంశానికి మూలపురుషుడు ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ అనే ఇంజనీరు. యుద్ధంలో ఓడి, తిండికి అల్లాడుతున్న దేశంలో రైతు కోసం ఆయన ఒక బండి గీశాడు. రెండు బంగాళాదుంప చాళ్ల మీదుగా మొక్క నలగకుండా నడవాలని చక్రాల మధ్య 1.27 మీటర్ల దూరం పెట్టాడు. 25 గుర్రాల డీజిల్ ఇంజను, గంటకు 50 కిలోమీటర్ల వేగం. దున్నేదీ అదే, బరువు లాగేదీ అదే, సంతకు పోయేదీ అదే. ఆ వంశంలోనే 1955లో 404 వచ్చింది. ఇది పొడుగు బండి, పెట్రోలు బండి. 1980 దాకా 64 వేలకు పైగా తయారయ్యాయి, సగానికి మించి పశ్చిమ జర్మనీ సైన్యమే తీసుకుంది.

ఈ ఇరుసు మాత్రం తుపాకీల బరువు మోయలేదు, నీళ్లు మోసింది. అది బిగించిన 404కి నీళ్ల ట్యాంకు, పంపు అమర్చి టీఎల్‌ఎఫ్-8 అనే ఫైరింజను చేశారు. జర్మన్ పల్లెల్లో మంటలార్పేది ఎక్కువగా ఊరి స్వచ్ఛంద దళాలే. సైరను మోగితే రొట్టెలు కాల్చేవాడూ, బడిపంతులూ చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొస్తారు. వాళ్ల చేతిలో పడటం ఈ ఇరుసు అదృష్టం. నెలనెలా హబ్బు దగ్గర తడి చూసేవారు, ఆయిలు మట్టం చూసేవారు, గాలిబెజ్జం మూసుకుపోకుండా తుడిచేవారు.

1975 ఆగస్టులో లోయర్ సాక్సనీలో పైన్ అడవులు తగలబడ్డాయి. ఎండకు పేలాల్లా పగిలే పైన్ కాయలు, కాలు దిగబడే ఇసుక. మైనెర్సెన్ దగ్గర ఐదుగురు ఫైర్‌మెన్ ఆ మంటల్లో చనిపోయారు. మామూలు లారీలు పొట్టదాకా కూరుకుపోయే చోట ఈ ఇరుసు కదిలింది. కారణం దాని ఒడ్డూ పొడుగూ కాదు, దాని నిర్మాణం. మామూలు ఇరుసు చక్రం నడిమధ్యకు సూటిగా పోతుంది. ఇది చక్రం మధ్యకు పైనే ఆగి, అక్కడున్న పళ్లచక్రాల జతతో కిందికి దిగుతుంది. అందువల్ల పొట్ట నేలకు ఎత్తుగా ఉంటుంది. వేగం రెండుచోట్ల తగ్గుతుంది: ఒకసారి నడుమనున్న క్రౌను-పినియను దగ్గర, మళ్లీ హబ్బు దగ్గర. షాఫ్టు ఏడుసార్లకు పైగా తిరిగితే గానీ చక్రం ఒక్క చుట్టు తిరగదు. తగ్గిన ప్రతి చుట్టూ బలంగా మారి ఇసుకను తొక్కుతుంది.

ఆ తగ్గింపే చివరికి దాని కొంప ముంచింది.

కొత్త ఫైరింజను రాగానే పాతదాన్ని అమ్మేశారు. కొన్న కుర్రవాడికి దేశదేశాలు తిరగాలని కోరిక. పెట్రోలు ఇంజను తాగుడు చూసి హడలిపోయి, దాన్ని పీకించి ఓఎం-352 అనే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను పెట్టించాడు. మంచి ఇంజనే, కానీ లెక్క చూసుకోలేదు. పెట్రోలు ఇంజను నిమిషానికి 4,800 దాటి తిరిగేది, అప్పుడే 404కి 95 కిలోమీటర్ల వేగం వచ్చేది. ఈ డీజిల్ 2,800 దగ్గరే ఆగిపోతుంది. అదే గేర్‌బాక్సుతో, అదే ఇరుసుతో 55 కిలోమీటర్లకే దాని ఊపిరి అయిపోయింది. హైవే మీద ప్రతి లారీ హారన్ కొట్టి దాటిపోయింది.

ముందు ఇంజను కొని తర్వాత ఇరుసు గురించి ఆలోచించడం తలకిందుల పని. మొదట ఎంత వేగం కావాలి, ఎంత ఎత్తు టైరు వేస్తావు, ఇంజను ఏ తిరుగుడులో హాయిగా ఉంటుంది అని తేల్చుకోవాలి. ఆ మూడింటి నుంచే నిష్పత్తి పుడుతుంది. డీజిల్ తిరుగుడు తక్కువైనా మెలిపెట్టే బలం పెట్రోలు ఇంజనుకు రెండింతలు. ఆ బలం పాత గేర్‌బాక్సు మీద పడితే పళ్లు ఎన్నాళ్లుంటాయి? డీజిల్ కోసమే పుట్టిన 406 లాంటి బండి గేర్‌బాక్సు వెతకాలి. వేగం ఇరుసుల్లో పెంచితే చివరి గేరుతో పాటు మొదటి గేరు కూడా చురుకవుతుంది, బురదలో నెమ్మదిగా పాకే గుణం తగ్గుతుంది. బ్రేకులూ కొత్త వేగానికి తగ్గట్టు ఉండాలి. కుర్రవాడికి ఇవన్నీ ఒక్కొక్కటిగా, డబ్బు పోయాక తెలిశాయి. చివరికి వేగమిచ్చే ఇరుసుల జత తెప్పించాడు. పాత జతను, అంటే వెనకున్న ఈ ఇరుసునూ దాని ముందు ఇరుసునూ, విప్పి షెడ్డు వెనక పడేశారు.

అక్కడ ఎన్ని చలికాలాలు గడిచాయో. షాఫ్టు దూరే నోటికి ఒక గుడ్డ కూడా కట్టలేదు. మంచు కరిగిన నీళ్లు లోపలికి దిగాయి. తొడుగు మీద నాచు పట్టింది, రబ్బరు సీళ్లు గట్టిపడి నెర్రెలిచ్చాయి. కోళ్లు ఎక్కి కూర్చునేవి, పిల్లలు సైకిళ్లు ఆనించేవారు. ఒకరోజు ఎవరో వచ్చి ముందు ఇరుసును మాత్రం ట్రాలీ మీద వేసుకుపోయారు, స్టీరింగు కీళ్ల కోసమట. నిప్పులోకీ నీళ్లలోకీ కలిసి వెళ్లిన జత అలా విడిపోయింది.

మొన్న ఒకాయన వచ్చాడు. ఆయన దగ్గరా ఒక పాత ఫైరింజనుంది. జర్మనీలో 30 ఏళ్లు దాటిన బండి అసలు రూపం చెడకుండా ఉంటే నంబరు చివర ‘హెచ్’ అక్షరం ఇస్తారు, పన్నూ ఒకే స్థిర మొత్తంగా ఉంటుంది. దానికోసం ఆయన అసలు ఇరుసులు వెతుకుతున్నాడు. కిందనున్న బిరడా విప్పాడు. ముందు తుప్పునీళ్లు కారాయి, తర్వాత పాలలా తెల్లబడ్డ ఆయిలు. వేలు ముంచి రుద్ది చూశాడు. ఇనుపరజను తగల్లేదు. డిఫరెన్షియల్ లాకు వేసి, హబ్బు మీద సుద్దగీత గీసి, దాన్ని ఒక చుట్టు తిప్పుతూ షాఫ్టు చుట్లు లెక్కపెట్టాడు. పళ్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి.

తర్వాత ముందు ఇరుసు ఏదని అడిగాడు. ముందూ వెనకా నిష్పత్తి ఒక్కటి కాకపోతే నాలుగు చక్రాలూ కలిపిన క్షణం నుంచి ఒకదాన్నొకటి ఈడ్చుకుంటూ పళ్లు విరుచుకుంటాయి. యజమానికి ఎవరికి అమ్మాడో గుర్తు రాలేదు. వచ్చినాయన తొడుగు మీది నాచు గీకి అచ్చు నంబరు రాసుకున్నాడు, షాఫ్టు నోటికి ప్లాస్టిక్ సంచి చుట్టి తీగతో కట్టాడు, బయానా ఇచ్చాడు. జత దొరికితేనే మిగతా డబ్బు ఇస్తానన్నాడు.