నేను పులుసు దాకని

వెడల్పు మూతి, తక్కువ లోతు, గుండ్రటి అడుగు. అదీ నా వాలకం. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే హైవే పక్కన, భీమడోలు దాటాక, ఈమధ్యే తెరిచిన చేపల పులుసు హోటల్లో కట్టెల పొయ్యి మీద ఉంటాను. వంట మామ్మది, గల్లాపెట్టె కొడుకుది. కొడుకు తెచ్చిన అల్యూమినియం గిన్నెల్ని అన్నానికి వాడుకోమని, పులుసుకు మాత్రం మామ్మ నన్నే తెప్పించింది.

రాగానే పొయ్యెక్కించలేదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టింది. గంజి పోసి సన్నసెగ మీద మరిగించి, వంచేసి, మళ్లీ పోసింది. ఆ గంజి నా ఒంట్లోని సన్నని బెజ్జాల్లోకి దిగితేనే పులుసు చెమర్చదు, కొత్త మట్టి వాసన కూరకు అంటదు. ఆ తర్వాతే నూనె రాసి, ఎండకు పెట్టి, మంట చూపించింది.

మామ్మ పుట్టిల్లు కొల్లేటి లంక. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లు కొల్లేట్లో నిండి ఉప్పుటేరు మీదుగా సముద్రానికి పోయే తీరు ఆవిడకు కళ్లకు కట్టినట్టు తెలుసు. చిన్నప్పుడు పులుసంటే కొర్రమేను, బొమ్మిడాయి, వాలుగ. తర్వాత సరస్సులోకి చేపల చెరువుల గట్లు పాకాయి. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది, 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేశారు. నీళ్లకు దారి దొరకాలన్నది న్యాయమే. ఆ గట్ల మీదే బతికిన లంక జనానికి ఇంకో బతుకుదెరువు చూపించాలన్నదీ అంతే న్యాయం. మామ్మ ఈ రెండు మాటలూ ఒకే గొంతుతో అంటుంది, నాకూ అలాగే అనిపిస్తుంది.

ఇప్పుడు నాలోకి వచ్చేది ఎక్కువగా చెరువు బొచ్చె, శీలావతి. చెరువు చేపకు ఒక్కోసారి మట్టి వాసన ఉంటుంది. నీళ్లలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ వల్ల వచ్చే వాసన అది. పులుపు తగిలితే ఆ పదార్థం విరిగిపోతుంది. నీచు వాసన కూడా పులుపుకు అణుగుతుంది. మన పెద్దవాళ్లు చేపకు చింతపండు జోడించడం రుచి కోసమే అనుకుంటారు గానీ, అందులో ఇంత పనితనం ఉంది.

మామ్మ చేయి చూడాలి. ముక్కల్ని కల్లుప్పు, పసుపు వేసి రుద్ది రుద్ది కడుగుతుంది. తలలో మొప్పలు ఒక్క పోగు కూడా మిగలకుండా లాగేస్తుంది, అవి ఉంటే చేదు. ఉల్లిముద్ద నూనెలో మగ్గి, కారం వేగి, చింతపండు రసం తెర్లి పచ్చివాసన పోయాకే చేప వేస్తుంది. ముందు తల, తోక, నడుమ ముళ్లు. ముక్కలు ఆఖరున. అక్కణ్ణుంచి గరిటె పెట్టదు. రెండు గుడ్డపేలికలతో నా అంచులు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంది. ముక్క చెదరదు, పులుసు అడుగంటదు. నూనె పైకి తేలాక మెంతిపొడి, కొత్తిమీర చల్లి దించేస్తుంది. దించాక కూడా కాసేపు నాలో కుతకుతమంటూనే ఉంటుంది, మట్టి వేడిని ఓ పట్టాన వదలదు కదా.

తెరిచిన కొత్తలో నాకు బాధ కలిగించింది ఒక్కటే. వచ్చినవాళ్లు ముళ్లు లేని ముక్కలు ఏరుకుని తిని పులుసు వదిలేసేవాళ్లు. తలలోనూ ఎముకలోనూ ఉన్న సారమంతా దిగింది ఆ పులుసులోకే. అది ఆకులో మిగిలిపోతే చేప సగం వృథా అయినట్టే.

ఒకరోజు గూడెం నిట్ కుర్రాళ్లు వచ్చారు. వాళ్లలో ఒకడి అన్నయ్య, జపాన్‌లో ఉద్యోగం చేస్తూ సెలవులకొచ్చినవాడు, వాళ్లతోనే వచ్చాడు. పులుసు ఒక్క గుక్క తాగి ఆగిపోయాడు.

"మామ్మగారూ, మేముండే చోట చేపల రసంతో రామెన్ చేస్తారండీ. ఎండు చేపలు నానేసి, మరిగించి, ఆ రసంలో నూడుల్స్ వేస్తారు. ముక్క ఉన్నా లేకపోయినా రసం బాగుండాలంతే."

"ఎండు చేపలు తలతో వేస్తారా నాయనా?"

"లేదండీ. తల, పొట్ట గిల్లేస్తారు, చేదొస్తుందని."

"మనం మొప్పలు తీసినట్టే," అంది మామ్మ సంబరంగా.

అతను ఇంకా చెప్పాడు. 1908లో ఇకెదా అనే జపాన్ శాస్త్రవేత్త సముద్రపు నాచు రసంలోంచి కమ్మదనాన్నిచ్చే పదార్థాన్ని విడదీసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడట. 1913లో ఆయన శిష్యుడు కొదమ, ఎండబెట్టి పొగబెట్టిన చేపలో అదే రుచినిచ్చే ఇనోసినేట్ అనే ఇంకో పదార్థాన్ని కనిపెట్టాడట. ఈ రెండూ కలిస్తే రుచి ఎన్నో రెట్లు పెరుగుతుందట. వింటుంటే నాకు గర్వమనిపించింది. ఎంతో దూరంలో ఎవరో ఎండుచేపతో చేస్తున్న పనే ఇక్కడ మామ్మ బొచ్చె తలతో, నాతో చేస్తోంది.

అతను తల అడిగి తీసుకున్నాడు. బుగ్గ కండ తిని, ఎముకల్ని ఒక్కొక్కటే జుర్రి, ఆకులో మిగిలిన పులుసు అన్నంలో పీల్చుకునేలా కలుపుకున్నాడు. పక్కవాళ్లు చూసి వాళ్లూ అడిగారు. రెండు తలలే మిగిలాయంది మామ్మ. వాటి కోసం వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు.

మర్నాడు కొడుకు గోడ మీది పలకపై సుద్దముక్కతో రాశాడు: "తలకాయ పులుసు కావలసినవారు పదకొండు గంటల్లోపు చెప్పాలి." తెల్లారి చేపల బండి దగ్గర మామ్మ తలలు ఎక్కువ అడిగి తెచ్చింది. ఇంకో దాకకు కూడా చెప్పిందట. అది వస్తే గంజి తాగించడం దగ్గర్నుంచి దానికీ నా తోవే.