మూడోవాడొచ్చాడు, ఆవునెక్కడ కట్టేద్దాం?

మొత్తానికి ముగ్గురు కావాలని తేలింది. ఇద్దరు చాలంటూ గోడల మీద ఎర్ర త్రికోణం గీయించిన సర్కారే ఇప్పుడు దాని మీద సున్నం కొట్టించి మూడో బొమ్మకు చోటు చూస్తోంది. ఇద్దరిని మించి కన్నవాడు సర్పంచి పదవికి కూడా పనికిరాడని 1994లో చట్టం రాసుకున్న ఆంధ్రప్రదేశ్, ముప్పయ్యేళ్లు తిరిగేసరికి 2024 నవంబరులో ఆ అడ్డు తీసేసింది. తెలంగాణ మరుసటి ఏడాది అదే దారి పట్టింది. పొరుగు రాష్ట్రం ముఖ్యమంత్రి పెళ్లిపందిట్లో మాటవరసకే అయినా పదహారు దాకా వెళ్లొచ్చారు. ఇంత యజ్ఞం తలపెట్టాక దానికి తగిన దంపతులెవరో వెతకనక్కర్లేదు. తొలి కాన్పులో కవలలు, మలి కాన్పులో ఒకరు. రెండు పురుళ్లకే ముగ్గురు! ఇంతకంటే చవకబేరం ఏ ప్రణాళికా శాఖకూ దొరకదు. ఆ ఇంట్లో నాన్న అనే మనిషి కూడా ఒకడుంటాడు. బిడ్డ పుట్టిన మర్నాటి నుంచి ఆయన ఏం చేయాలో మాత్రం ఈ ప్రకటనల్లో ఎక్కడా ఒక్క ముక్క కనబడదు.

అసలు బెంగలో అబద్ధం లేదు, ముందే ఒప్పేసుకుంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. జనాభా తరిగిపోకుండా ఉండాలంటే 2.1 కావాలి. ముసలివాళ్లు పెరుగుతారు, పనిచేసే చేతులు తగ్గుతాయి, తలల లెక్కన లోక్‌సభ సీట్లు పంచితే దక్షిణాదికి కోత పడుతుంది. అన్నీ నిజాలే. 2027 మార్చి 1 నాటి జనగణనలో ఉయ్యాల్లో పడుకున్న చంటిదీ ఒక తలే. ఆ తలకు నూనె అంటేదెవరు, లాల పోసేదెవరు, రాత్రి రెండింటికి అది గుక్కపెట్టి ఏడిస్తే భుజాన వేసుకుని వసారాలో పచార్లు చేసేదెవరు? ఈ ప్రశ్నలకు గడి ఏ ఫారంలోనూ లేదు, ఏ ప్రసంగంలోనూ లేదు.

పోనీ ఆ గడి మనమే నింపుదాం. పసికందుకు రోజుకు ఎనిమిది నుంచి పన్నెండుసార్లు పాలు పట్టాలని ఏ పిల్లల డాక్టరైనా చెబుతాడు. కవలలైతే పదహారు నుంచి ఇరవై నాలుగు, అంటే ఇంచుమించు గంటకోసారి. పాలు తల్లే ఇవ్వాలి, సరే. పట్టాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడానికి, తడిసిన గుడ్డ మార్చడానికి, ఒకడి ఏడుపుకు రెండోవాడు లేవకుండా పక్కగదిలోకి మోసుకుపోవడానికి రెండు చేతులుంటే చాలు, అవి మగాడికీ ఉన్నాయి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలు. ఇద్దరికీ ఒకే పగలు సూది, ఒకే రాత్రి జ్వరం. వీళ్లకు నడకొచ్చి చెరో దిక్కుకు పరుగెత్తే వయసులో మూడోది పుడుతుంది. అప్పుడు అమ్మ మళ్లీ బాలింత. అమ్మ పాలు చంటిదానికి, కవలలిద్దరూ నాన్న పాలికి. ఒకడికి నిక్కరు తిరగేసి తొడిగేలోపు రెండోవాడు ఇడ్లీతో నేల అలుకుతాడు. దీన్ని ముద్దుమురిపెం అనండి, యాగీ అనండి, నాకు అభ్యంతరం లేదు. ఇది పని. పనికి పొద్దు కావాలి.

ఆ పొద్దు ఎంత ఇస్తారో తేల్చేది సెలవుల పుస్తకం. నాకు ఒళ్లుమండేది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడే కూర్చుంటాను. కేంద్ర ప్రభుత్వోద్యోగికి తండ్రి సెలవు పదిహేను రోజులు. షరతేమిటంటే, బతికున్న పిల్లలు ఇద్దరికంటే తక్కువ ఉండాలి. కవలలు పుట్టేనాటికి ఆయనకు పిల్లల్లేరు కనుక పదిహేనూ దక్కాయి, తలకు ఏడున్నర రోజుల చొప్పున. మూడో బిడ్డ నాటికి ఇంట్లో ఇద్దరున్నారు కనుక సెలవు సున్నా. ముగ్గురికీ సమానంగా పంచితే తలకు అయిదు రోజులు. ఆవకాయ కలిపినా మూడోనాడు జాడీ మూత తీసి తిరగకలుపుతాం, ఆ పైన ఊరడానికి మరికొన్నాళ్లు వదిలేస్తాం. మనిషి బిడ్డ ఆ పాటి కాలేదు. రాష్ట్రం ముగ్గుర్ని కనమని మైకులో చెబుతుంటే, కేంద్రం సెలవుల పుస్తకం మూడోదాని ముఖం చూడ్డానికి నాన్నకు ఒక్క పూట ఇవ్వదు, ఎందుకంటే ఆ నిబంధన రాసిన రోజుల్లో మూడోది నేరం. నేరం కాస్తా ఘనకార్యంగా మారిపోయింది, నిబంధన మాత్రం పాత బీరువాలో పాత తాళంతోనే ఉంది.

ఇంకా ఉంది. పిల్లల సంరక్షణ సెలవని మరొకటి, ఉద్యోగం మొత్తమ్మీద 730 రోజులు. 2018లో దాన్ని మగ ఉద్యోగులకూ చాపారు. ఎవరికి? ఒంటరి పురుషుడికి. అంటే పెళ్లికానివాడు, భార్య పోయినవాడు, విడాకులు పుచ్చుకున్నవాడు. కనుక ముగ్గురు పిల్లల నాన్నకు ఆ సెలవు కావాలంటే ముందు ఇంటావిడను వదిలించుకోవాలి. కాపురం సలక్షణంగా ఉన్నంతకాలం ఆయన బిడ్డకు ఏమీ కాడు. పోనీ అన్ని అర్హతలూ సంపాదించాడే అనుకుందాం, ఆ సెలవు ఎవరికోసం? బతికున్నవాళ్లలో పెద్దవాళ్లిద్దరి కోసమే. కవలలకు జ్వరమొస్తే వర్తిస్తుంది, మూడోదానికొస్తే వర్తించదు. పుట్టడం వరకే దాని హక్కు, జ్వరం తెచ్చుకోవడం దాని పొగరు.

కవలల లెక్క దగ్గర న్యాయస్థానం కూడా వింతగానే మాట్లాడింది. తొలి కాన్పులో కవలల్ని కన్న కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం ఉద్యోగిని ఒకావిడ మలి కాన్పుకు ప్రసూతి సెలవు అడిగితే, 2020లో మద్రాసు హైకోర్టు ధర్మాసనం కుదరదంది. కవలలు ఒకరి తర్వాత ఒకరు పుడతారు, ఆ మధ్య ఎడాన్ని బట్టే పెద్దెవరో చిన్నెవరో తేలుతుంది, కాబట్టి అది ఒక కాన్పు కాదు, రెండు అని తర్కం. మంత్రసానిని పిలిచి అడిగినా విరగబడి నవ్వేది. రెండు కాన్పులైతే ఆ నడుమ నిమిషాల్లో బాలింత లేచి డ్యూటీలో చేరి, మళ్లీ సెలవు చీటీ రాసిచ్చి, వచ్చి పడుకోవాల్సింది కాబోలు. సరే, ధర్మాసనం మాటే శిరోధార్యం అనుకుందాం. అలాగైతే నాన్నకు రెండు పదిహేనులు రావాలిగా? పెద్ద కవల పుట్టినప్పుడు ఒక పదిహేను, చిన్న కవల పుట్టేనాటికి ఇంట్లో బతికున్నది ఒక్కరే కనుక ఇంకో పదిహేను. ఆ తర్కాన్ని ఇటువైపు నడిపించినవాడు ఒక్కడూ కనబడడు. సెలవు కోయాల్సినచోట కవలలు రెండు కాన్పులు, ఇవ్వాల్సినచోట ఒకటే కాన్పు.

ఇదంతా సర్కారు కొలువున్నవాళ్ల భాగ్యం. ప్రైవేటులో తండ్రికి ఒక్కరోజైనా ఇచ్చితీరాలనే చట్టం ఈ దేశంలో లేదు, యజమాని దయ. తల్లికి 2017 సవరణ ఇరవయ్యారు వారాలిచ్చి, ఇద్దరు పిల్లలున్నాక వచ్చే కాన్పుకు పన్నెండుకు కోసింది. కవలల తల్లికి రెండో పురిట్లోనే ఆ కత్తెర. యాభైమంది పనిచేసేచోట పిల్లల్ని చూసుకునే క్రెష్ పెట్టాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి చూసుకోవచ్చని రాసిన చట్టం తండ్రి ఒక్కసారి తొంగిచూడొచ్చని రాయలేదు. బండి మీద నడిపేవాడు కాక ఒక్కరే ఎక్కాలని మోటారు వాహనాల చట్టం, మరి ముగ్గుర్ని బడిలో దించే నాన్న మూడు ట్రిప్పులు వేస్తాడో చలానా కడతాడో ఆయన ఇష్టం. ఎన్నో కాన్పని చూడకుండా ఉద్యోగినులకు ప్రసూతి సెలవిస్తామని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి 2025లో అన్నారు. మంచి మాట. ఆ మంచీ తల్లి గడప దగ్గరే ఆగింది. బడికెళ్లే పిల్లల పేరిట ఇచ్చే డబ్బుకు 'తల్లికి వందనం' అని పేరు పెట్టినచోట తండ్రి పేరు వెతకడం నాదే తప్పేమో.

2024 కాలవినియోగ సర్వే చూడండి. పదిహేను నుంచి యాభై తొమ్మిదేళ్ల మహిళల్లో ఇంట్లో పిల్లల్నో పెద్దల్నో చూసుకునేవాళ్లు 41 శాతం, మగవాళ్లలో 21.4 శాతం. చూసుకునేవాళ్లలో కూడా ఆమె రోజుకు 140 నిమిషాలు, అతను 74. ఆరేళ్లు నిండినవాళ్లందర్నీ లెక్కేస్తే, ఇంటిచాకిరీ చేసేవాళ్లలో ఆమె 289 నిమిషాలు, అతను 88. మగవాళ్ల లెక్కలో పెళ్లికాని కుర్రాళ్లున్నారని వాదిస్తారేమో, ఆడవాళ్ల లెక్కలో పెళ్లికాని అమ్మాయిలు లేరా? మూడో బిడ్డను కనండి అనే మాటకు ఈ అంకెల ముందు ఒకటే అర్థం: ఆ ఆడమనిషి నిద్రలోంచి ఇంకో రెండు గంటలు కోసి మాకివ్వండి. రాష్ట్రం తన జేబులోంచి పైసా తీయకుండా ఆమె ఒంట్లోంచి జనాభా తీసుకుంటోంది. ఇది విధానం కాదు, దోపిడీ. సభలో ముందు వరసల్లో కూర్చుని ఈ పిలుపుకు చప్పట్లు కొట్టే మగాళ్లలో పిల్ల ముడ్డి కడిగినవాళ్లు చేతులెత్తండి అంటే చప్పట్లు ఆగిపోతాయి. కూతురికి రెండు జడలు వేసిన నాన్న రీల్‌కు లక్ష దండాలు. అవే జడలు రోజూ వేసి బడికి పంపే తల్లిని ఎవరైనా వీడియో తీశారా?

ఇక ఎదురు ప్రశ్నలు. మా తాత పదిమందిని పెంచలేదా అంటారు. పెంచలేదు. కన్నాడు. పెంచింది నాయనమ్మ, ఆమెకు చేతకానప్పుడు బడి మాన్పించిన పెద్దకూతురు. ఆ పదిమందిలో ఎందరు దక్కారో కూడా లెక్క చెప్పండి. ఇప్పుడా పెద్దకూతురు చదువుకుంటోంది, ఆమెను మళ్లీ ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టే ధైర్యం ఎవరికీ ఉన్నట్టు లేదు. అమ్మమ్మలున్నారుగా అంటారు. ఉన్నారు, మోకాళ్ల నొప్పులతో ఉన్నారు. హైదరాబాదులో కొడుకు పిల్లల్ని ఆర్నెల్లు, డల్లాస్‌లో కూతురి పిల్లల్ని విజిటర్ వీసా మీద ఉండనిచ్చే గడువు ముగిసేదాకా ఇంకో ఆర్నెల్లు మోస్తూ ఉన్నారు. ముసలివాళ్లు ఎక్కువైపోతారన్న భయంతో మొదలైన పథకం మళ్లీ ఆ ముసలివాళ్ల నడుముల మీదే నడవాలన్నమాట. అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది మరొకటుంది. సెలవిస్తే మగాడు క్రికెట్ చూస్తూ కూర్చుంటాడట. కొందరు కూర్చుంటారు, కాదనను. కవలల తల్లి పుట్టింట్లో ఉంటే అల్లుడిగారి హోదాలో వెళ్లి, ఆ పదిహేను రోజులూ పెసరట్లు తినొచ్చేవాళ్లూ ఉంటారు. అయితే ఆ పదిహేను రోజుల్లో అతను నేర్చుకునే అవకాశమైనా ఏదీ? చుట్టూ అయిదుగురు ఆడవాళ్లున్నచోట మగాడి చేతికి బిడ్డనివ్వరు. తల్లి తిరిగి పనిలో చేరాక, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు, ముగ్గురితో ఒక్కడే మిగిలితే రెండోరోజుకే అన్నీ వస్తాయి. స్వీడన్‌లో 480 రోజుల సెలవులో చెరో తొంభై రోజులు రెండోవాళ్లకు బదలాయించే వీల్లేకుండా కట్టేశారు, నాన్న వాడుకోకపోతే పోయినట్టే. అక్కడి మగాళ్లు పుట్టుకతోనే లాలపోయడం నేర్చుకుని రాలేదు.

సెలవు ఇవ్వలేనివాళ్లు బహుమానాలు ఇస్తారు. విజయనగరం ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు 2025 మహిళా దినోత్సవం నాడు మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్న సామెతకు ఇంతకాలానికి ఒక పథకం దొరికింది. మూడో అంతస్తు ఫ్లాటులో ఉండే కవలల నాన్న ఆ ఆవును లిఫ్టులో ఎక్కిస్తాడో, పార్కింగులో స్కూటరు పక్కన కట్టేస్తాడో! సంతలో ఆవు కొనే రైతు ఎన్నో ఈత అని అడుగుతాడు, పూటకెన్ని లీటర్లని అడుగుతాడు, మేపేదెవరో ఇంట్లోనే తేల్చుకుని వచ్చాక పగ్గం పట్టుకుంటాడు. మనవాళ్లు ఎన్నో ఈత అన్న మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయారు. డబ్బుకు పిల్లలు పుట్టేట్టయితే దక్షిణ కొరియా ఏళ్లతరబడి గుమ్మరించిన సొమ్ముకు ఈపాటికి కిటకిటలాడుతూ ఉండాలి. 2023లో అక్కడ సగటు 0.72, ఆ మరుసటి ఏడాది 0.75.

ఈలోగా మూడోది పుట్టేసింది. నాన్న ఆఫీసుకు వెళ్లి కాగితం పెడతాడు. గుమాస్తా కళ్లజోడు సవరించుకుని, బతికున్న సంతానం ఎందరన్న గడి దగ్గర వేలు పెట్టి, ఇద్దరున్నారు కదండీ, ఇది వర్తించదు, ఈఎల్స్ ఏమైనా ఉంటే పెట్టుకోండి అంటాడు. ఈఎల్స్ కవలలప్పుడే అయిపోయాయి.