లోపలి సంచి కోసం

2023 ఏప్రిల్‌లో మా ఆవిడతో ఒక అబద్ధం చెప్పాను. "ఇంక ఏడాదికోసారి చూపించుకుంటే చాలన్నారు డాక్టరు గారు" అన్నాను. ఆయన చెప్పింది మూడు నెలలకోసారి. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అందుకే ముందు దాన్ని చెప్పేసి మిగతాది మొదలుపెడుతున్నాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె, పొగాకు పండించిన ఇల్లు. ఆకు కాల్చే రోజుల్లో నాన్నతో పాటు బేరను (పొగాకు ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రంతా మేలుకుని మంట చూసేవాణ్ణి. ఇరవయ్యో ఏట సిగరెట్టు పట్టుకుని యాభై రెండో ఏట వదిలాను. వదిలేశాక ఇంక నాకేం కాదనుకున్నాను. మూత్రాశయ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణమట. పొగలోని విషాలను కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి మూత్రంలోకి పంపితే, అవి ఆ సంచిలో గంటల తరబడి నిలవుంటాయి. మానేసిన వాళ్లకు ప్రమాదం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. ఇదంతా నాకు ఆలస్యంగా తెలిసింది.

2021 సంక్రాంతి వెళ్లిన వారంలో మూత్రం ఎర్రగా వచ్చింది. నొప్పి లేదు. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగాను. రెండో రోజుకు తేటపడింది. నొప్పి లేకుండా రక్తం కనబడటం, దానంతటదే ఆగిపోవడం ఈ జబ్బు లక్షణమని తెలియక, బార్లీ నీళ్లే తగ్గించాయని నమ్మాను. ఏప్రిల్‌లో మళ్లీ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

గుంటూరులో యూరాలజిస్టు సన్నటి గొట్టం లోపలికి పంపి గడ్డను గీకి తీశారు. రిపోర్టులో హై గ్రేడ్, టీ1 అని వచ్చింది. అంటే తీవ్రరకం, పైపొర దాటి కింది పొరలోకి దిగింది, కండరాన్ని ఇంకా తాకలేదు. కొన్ని వారాల తర్వాత మళ్లీ గీకి చూసి, బీసీజీ మొదలుపెట్టారు. చిన్నప్పుడు ఎడమ భుజం మీద వేసే క్షయ టీకా ఇదే. ఎక్కువ మోతాదులో గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కించి రెండు గంటలు బిగపట్టమంటారు. కెనడాలోని కింగ్‌స్టన్‌లో ఆల్వరో మొరాలెస్ అనే డాక్టరు తొమ్మిది మంది రోగులకు ఈ వైద్యం చేసి 1976లో ఆ ఫలితాలు ప్రకటించారు. మన గుంటూరులో పొగాకు బోర్డు వెలిసిందీ ఆ ఏడాదే. ఆ రెండూ కలిసింది నా ఒంట్లో.

ఆరు వారాల కోర్సు అయింది, ఆ తర్వాత మరో మూడు వారాలది కూడా అయింది. 2022 ఏప్రిల్‌లో గొట్టం వేసి చూస్తే అదే తీవ్రరకం మళ్లీ ఉంది.

ఆ రోజు డాక్టరు గారు గంటసేపు కూర్చుని చెప్పారు. "మాస్టారూ, ఇది బీసీజీకి లొంగలేదు. ఇలాంటప్పుడు మా మొదటి సలహా మూత్రాశయం తీసేయడమే. కండరంలోకి దిగకముందే తీస్తే నయమయ్యే అవకాశం బాగా ఎక్కువ. మీకు వద్దనిపిస్తే ఇంకో దారి ఉంది. జెమ్‌సైటబిన్, దాని వెనకే డోసెటాక్సెల్, వారానికోసారి ఆరు వారాలు లోపలికి ఎక్కిస్తాం. ఆపైన నెలకోసారి, రెండేళ్లు. కానీ ఒక షరతు. మూడు నెలలకోసారి నేను లోపలికి చూడాలి. మళ్లీ కనబడిన రోజున ఇంకో మందు వెతక్కుండా ఆపరేషన్‌కు వచ్చేయాలి."

మా ఆవిడ అడిగింది: "ఆపరేషన్ అయితే మళ్లీ ఎన్నాళ్లకు తన పనులు తను చేసుకుంటారండీ?" ఆ ప్రశ్నకు జవాబు రాకముందే ఆవిణ్ణి ఊరుకోమన్నాను.

ఆపరేషన్ గురించి ఆయన చెప్పిన దాంట్లో నా చెవికెక్కింది 'సంచి' ఒక్కటే. మగవాళ్లకు మూత్రాశయంతో పాటు ప్రోస్టేటు, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులు తీస్తారు. చిన్నపేగులోంచి జానెడు ముక్క తీసుకుని, దాని గుండా మూత్రం పొట్ట మీది రంధ్రంలోంచి బయటికొచ్చేలా చేసి, అక్కడ సంచి అంటిస్తారు. లేదా అర మీటరుకు పైగా పేగును కోసి గిన్నెలా కుట్టి, లోపలే కొత్త మూత్రాశయం చేస్తారు. అలాంటివాళ్లు మామూలు దారిలోనే మూత్రం పోసుకుంటారు, కాకపోతే రాత్రిళ్లు అలారం పెట్టుకుని లేవాలి. నాకు ఆ రెండోది వీలవుతుందని ఆయన ఆ రోజే చెప్పారు. నేను వినలేదు.

నా భయం ఉత్తిది మాత్రం కాదు. న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి సర్జన్లు తమ దగ్గర మూత్రాశయం తీసిన 1142 మంది లెక్క తీస్తే, 90 రోజుల లోపు 64 శాతం మందికి చిన్నదో పెద్దదో ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. అదొక్కటే కాదు. ఆ ఆపరేషన్ తర్వాత భార్యాభర్తల మధ్య ఏం మిగులుతుందన్న భయం కూడా నాకుంది. అరవై దాటినవాణ్ణి, ఆ మాట ఎలా అడగనని సిగ్గుపడ్డాను. ఇప్పుడైతే మొట్టమొదట అదే అడుగుతాను. అడిగితే నరాలను కాపాడే పద్ధతుల గురించి, ఆ తర్వాత చేసే వైద్యం గురించి ఆయన చెప్పేవారు.

మా అబ్బాయి సియాటిల్‌లో ఉంటాడు. రెండు మందుల పద్ధతి మీద అమెరికాలో 276 మంది రోగుల ఫలితాలు వెలువడ్డాయని ఫోన్లో చదివి వినిపించాడు. తీవ్రరకం తిరిగి రానివాళ్లు ఏడాదికి 65 శాతం, రెండేళ్లకు 52 శాతం. సగం దాటింది కదా అనుకున్నాను. ముప్పై మూడేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం ఎంతో నల్లబల్ల మీద రాసి చూపించినవాణ్ణి, 52 అనగానే నేను ఆ 52లో ఉన్నట్టే లెక్క కట్టుకున్నాను. మూడు నెలల పరీక్ష ఉన్నది మిగతా 48 మంది కోసం. వాళ్లను ఆలస్యం కాకముందే పట్టుకుని ఆపరేషన్‌కు పంపడానికే అది. ఇది నాకు తట్టలేదు.

మందు పనిచేసింది. అక్టోబర్‌లో చూస్తే లోపల శుభ్రం. 2023 జనవరిలోనూ శుభ్రం. నన్ను చెడగొట్టింది ఆ శుభ్రమే. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, అందుకే ఒక్కణ్ణే వెళ్లి వచ్చేవాణ్ణి. ఏప్రిల్ పరీక్షకు పొద్దున్నే బయల్దేరి ఒంగోలు బస్టాండు దాకా వెళ్లాను. గుంటూరు బస్సు వచ్చింది. ఎక్కలేదు. ఏదైనా కనబడుతుందేమోనన్న భయం. చూడకపోతే కనబడదు కదా. రెండు గంటలు అక్కడే బెంచీ మీద కూర్చుని ఇంటికొచ్చి, మొదట రాసిన ఆ అబద్ధం చెప్పాను. నెలనెలా మందు కూడా ఇంక అక్కర్లేదన్నారని దానికి మరొకటి కలిపాను. ఆ సాయంత్రం ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టి దణ్ణం పెట్టుకుంది.

డిసెంబర్‌లో రక్తం పడింది. ఈసారి గడ్డలతో. గుంటూరులో డాక్టరు గారు పాత కాగితాలు తిరగేసి, "ఏప్రిల్ నుంచి ఎందుకు రాలేదు మాస్టారూ?" అన్నారు. మా ఆవిడ పక్కనే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు చిలకలూరిపేట దాటేదాకా మాట్లాడలేదు. ఆ తర్వాత, "నాకు చెప్పుంటే నేను తీసుకెళ్లేదాన్ని కదండీ" అంది.

జబ్బు కండరంలోకి దిగింది. ప్రోస్టేటు మధ్యగా వెళ్లే మూత్రనాళంలోకి కూడా పాకింది. ఆపరేషన్‌కు ముందు నాలుగు విడతల కీమో పడింది. అందులో ఒక మందు మెథోట్రెక్సేట్. దాని వెనక మన భీమవరం శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి కృషి ఉందని ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకు చెప్పానో. ఆ కీమోలోదే సిస్‌ప్లాటిన్ నా చెవుల్లో హోరును, వేళ్ల కొసల్లో తిమ్మిరిని వదిలి వెళ్లింది. సుద్దముక్క పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియదు.

2024లో హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. లోపలే కొత్త మూత్రాశయం కుట్టమని అప్పుడు అడిగాను. మూత్రనాళంలోకి పాకింది కాబట్టి దాన్ని కూడా తీసేయాలి, కుదరదన్నారు. 2022లో నా ముందు రెండు దారులున్నాయి, ఒక దాంట్లో మళ్లీ రెండు పాయలున్నాయి. నేను వాటిని పోల్చుకుంటున్నాననే అనుకున్నాను. ఒక్కొక్కటే మూసుకుపోతుంటే బెంచీ మీద కూర్చున్నాను.

మందుదేం తప్పులేదు. మూత్రాశయం ఉంచుకోవాలనుకోవడం కూడా తప్పు కాదు. నాతో పాటు అదే గదిలో అదే మందు ఎక్కించుకున్న చీరాల ఆయనకు మొదటి పరీక్షలోనే జబ్బు మళ్లీ కనబడింది. ఆ నెలలోనే ఆపరేషన్‌కు వెళ్లాడు. ఆయనకు లోపలే కుట్టారు. రాత్రి మూడింటికి అలారం మోగుతుందని, కీమో మాత్రం పడలేదని చెప్పాడు. మందు ఆయనకు పని చెయ్యలేదు, నాకు చేసింది. ఇప్పుడు ఇద్దరి ఒళ్లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరికి మేలు జరిగిందో తెలుస్తుంది.

నేనంత భయపడ్డ బయటి సంచిని మూడు నాలుగు రోజులకోసారి మార్చుకుంటాను. పొద్దున్నే, కాఫీ తాగకముందు. అప్పుడు మూత్రం తక్కువగా వస్తుంది, చర్మం పొడిగా ఉంటే సంచి బాగా అతుక్కుంటుంది. రాత్రి దానికి గొట్టం తగిలించి మంచం పక్కన పెద్ద సంచిలోకి వదులుతాం. మొదటి నెల మా ఆవిడ మార్చింది, తర్వాత నేనే నేర్చుకున్నాను. స్కూటరు నడుపుతున్నాను. పెళ్లిళ్లకు వెళ్తున్నాను. పంచె ముడి కొంచెం పైకి కడతాను, అంతే.

ఈ మధ్య మా అబ్బాయి ఇంకో సంగతి చెప్పాడు. వాళ్ల ఊళ్లోనే, వాషింగ్టన్ యూనివర్సిటీ డాక్టరు జాన్ గోర్ ఆధ్వర్యంలో, జబ్బు తిరగబెట్టిన వాళ్లలో ఈ రెండు దారులనూ పోల్చే పెద్ద అధ్యయనం నడిచిందట. చీటీలు వేసి రోగులను పంచకుండా, ఎవరి దారి వాళ్లనే ఎంచుకోనిచ్చారు. ఏడాది తర్వాత వాళ్లను ముఖ్యంగా అడిగేవి ఇవి: బరువైన సంచి మోయగలుగుతున్నారా, దూరం నడవగలుగుతున్నారా, స్నానం, బట్టలు, భోజనం మీ అంతట మీరు చేసుకోగలుగుతున్నారా. విన్న రోజు రాత్రి నిద్ర పట్టలేదు. 2022లో డాక్టరు గారి గదిలో మా ఆవిడ అడిగింది ఇదే. నేను నోరు మూయించిన ప్రశ్న ఇదే.

నా తర్వాతి స్కాన్ తేదీ వంటింటి క్యాలెండరు మీద ఆవిడ రాతలో ఉంది. మూత్రాశయం ఉంచుకునే వైద్యంలో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒకటే అడుగుతున్నాను. మీ తర్వాతి పరీక్ష తేదీ ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ రోజు బస్సు ఎక్కండి.