జీపు టంగుపద్యమునకు టీకా తాత్పర్యములు

మూలము (ఆటవెలది)

క్లచ్చు వదల టంగు గర్జించు జీపున
క్రాసు ముందు చూడు కావి తుప్పు
పిదప నట్టు బిగువు పినియను యోకును
క్రౌను విప్పు మాట కడకు నుంచు

అవతారిక

విల్లీసు వంశమున జనించి, మహీంద్రా వారిచేత మన దేశమున కూర్పబడి, సర్కారు కొలువులో యౌవనము గడపి, వేలపు పాటలో చేతులు మారి, నేడు విశాఖ మన్యమున సంతనాడు పసుపు బస్తాలను, కోళ్లను, లోపల కూర్చున్నవారిని, వెనుక వ్రేలాడువారిని సమదృష్టితో మోయుచు వార్ధక్యమును వెళ్లబుచ్చుచున్న ఫోర్‌వీల్ పాత జీపు, కదలబోవు క్షణమున కడుపులోనుండి యొక లోహధ్వనిని వెలువరించుటయు, దానిని విన్న యజమాని ముఖము వాడుటయు లోకమున అనుభవసిద్ధములు. ఆ ధ్వనికి మూలమెచ్చటనో కనుగొను క్రమమును నాలుగు పాదములలో ఇమిడ్చిన యీ పద్యకర్త గోళ్లలో గ్రీజు గలవాడనుట నిస్సంశయము. ఏలయన, మొదటి చూపు తుప్పుపొడిమీద నిలుపవలెనని ఊహమాత్రమున చెప్పగల కవి యింకను పుట్టలేదు.

శాస్త్రమర్యాద గనుక అనుబంధచతుష్టయమును చెప్పెదము. విషయము టంగుమను చప్పుడు. ప్రయోజనము ధనరక్షణము. అధికారి, నేలమీద వెల్లకిల పరుండుటకు సిగ్గుపడని జీపు యజమాని. సంబంధమందురా, అది యజమానికిని మెకానిక్కునకును గల చిరకాల సంబంధము. దానిని విప్పి చెప్పుట సభ్యత గాదు.

ప్రతిపదార్థము

క్లచ్చు వదలన్ = క్లచ్చు మీది కాలు తీయగా; టంగు = టంగుమని; గర్జించు = మ్రోగునట్టి; జీపున = జీపునందు; ముందు = అన్నిటికంటె మొదట; క్రాసు = ప్రొపెల్లర్ షాఫ్టు కొనలయందలి నాలుగు చేతుల కీలును; కావి తుప్పు = దాని కప్పుల యంచున నుండు ఎఱ్ఱని తుప్పుపొడిని; చూడు = పరికింపుము; పిదప = అటుపిమ్మట; పినియను యోకును = డిఫరెన్షియలు ముక్కునకు తగిలించిన యోకు అను రెండు చెవుల పట్టును; నట్టు బిగువు = దానిని పట్టియుంచు నట్టుయొక్క బిగువును (చూడుమని అన్వయము); క్రౌను = డిఫరెన్షియలు లోపలి క్రౌను అను పెద్ద పండ్ల చక్రమును; విప్పు మాట = ఊడదీయు ప్రసంగమును; కడకు = చిట్టచివరకు; ఉంచు = నిలిపియుంచుము.

తాత్పర్యము

చవుకదానిని ముందు, ఖరీదైనదానిని పిదప అనుమానింపుము.

విశేషములు

"వదల టంగు" అనుచోట వైయాకరణులు వెంటనే చేయెత్తుదురు. "వదలన్" అనునది ద్రుతాంతము గనుక మీది పరుషము సరళమై "వదల డంగు" కావలెను గదా యని వారి యాక్షేపము. సమాధానమేమనగా, డంగుమనునది వేఱు వ్యాధి. ఇంజను మౌంటింగు రబ్బరు చినిగి, ఇంజను కొంచెము లేచి పడునప్పుడు వచ్చునది మెత్తని, బరువైన డంగు. ఉక్కు ఉక్కును తాకునప్పుడు వచ్చునది పదునైన టంగు. సంధి చేసినచో రోగనిర్ణయము తప్పును గావున కవి వ్యాకరణమును త్యజించి జీపును రక్షించెను.

చప్పుడునకు హేతువు శైథిల్యము. షెడ్డు భాషలో ప్లే. ఇంజను నుండి చక్రము వఱకు శక్తి ప్రయాణించు దారిలో గేరు పంటికిని గేరు పంటికిని నడుమ, షాఫ్టు కొననున్న గాడులకును వానిలో జొరబడిన తోడి గాడులకును నడుమ కొంత సందు ఉండక తప్పదు. అది లేనిచో వేడికి ఉబ్బి అన్నియు పట్టుకొనిపోవును. అయితే ప్రతి కీలును తన సందు స్వల్పమేయని చెప్పుకొనుచుండగా, ఉమ్మడి కుటుంబమున అన్నదమ్ములు వేఱువేఱుగ చేసిన చిల్లర అప్పులవలె, అన్నియు కలిసి కదలబోవు క్షణమున ఒక్కమాఱే వాకిట నిలుచును. మఱియు నొక మాయ కలదు. సీజే-3బీ అను రకపు జీపునందు పినియనునకు 8 పండ్లు, క్రౌనునకు 43 పండ్లు. అనగా షాఫ్టు సుమారు 5.38 మాఱులు తిరిగిన గాని చక్రము ఒక్క చుట్టు తిరుగదు. కావున రెండు చక్రముల హబ్బుల దగ్గఱను ఒక్కొక్క డిగ్రీ వదులున్నను షాఫ్టు దగ్గఱ అది ఐదు డిగ్రీలను మించి కనబడును. ఈ గుణకారమెఱుగని క్రొత్తవాడు జీపు క్రిందికి దూరి, షాఫ్టు చేతితో త్రిప్పి, అది యటునిటు ఊగుట చూచి, క్రౌను పోయినదని కేకవేయుచు బయటికి వచ్చును. అంతటివాడు బయటికి రాకుండ క్రిందనే యుండుట మేలు.

"క్రాసు ముందు చూడు": మన జీపుల యందలి యీ కీలు పాతది. దాని మూలభావము కార్డానో కాలమునకు, అనగా పదునాఱవ శతాబ్దమునకు పోవునందురు. మోటారు వాహనములకు పనికివచ్చునట్లు దానిని రూపొందించి 1903లో పేటెంటు పొందినవాడు అమెరికావాడైన క్లారెన్స్ స్పైసర్. నాలుగు చేతుల ఉక్కు శిలువ, చేతికొక కప్పు, కప్పు లోపల వరుసగా నిలిచిన సూదులవంటి రోలర్లు, వానికి జీవనాధారముగ గ్రీజు, ఇంతియే సంవిధానము. గ్రీజు తీఱినపిదప రోలర్లు చేతిని ఒరసి, రాలిన యుక్కు పొడియై, తుప్పుపట్టి, కప్పు అంచున ఎఱ్ఱగ పేరుకొనును. దీనినే కవి "కావి" యనెను. సంస్కృతమున స్నేహమనగా నెయ్యమే కాదు, నూనెయు. స్నేహము వీడినది కావి కట్టుట న్యాయమేయని రసికులు గ్రహింతురు గాక.

పరీక్షావిధానము: ఎడమచేత యోకును, కుడిచేత షాఫ్టును గట్టిగ పట్టి, తడిగుడ్డ పిండునట్లు కాక, ఒకదానికొకటి ఎదురుగ చిన్న చిన్న విదిలింపులతో త్రిప్పవలెను. కన్ను కప్పుమీదనే యుండవలెను. కప్పునకును క్రాసు చేతికిని నడుమ, వెండ్రుకవాసియైనను కదలిక కనబడెనా, క్రాసు అస్తమించినది. రెండును కలిసి కొంతదూరము తిరిగి లోపల నెచ్చటనో తగిలి ఆగెనా, దోషము లోపలిది, క్రాసు నిర్దోషి. అటుపై గ్రీజు పంపు పెట్టి కొట్టినప్పుడు నాలుగు కప్పుల సీళ్లనుండియు గ్రీజు చిమ్మవలెను. మూడింట వచ్చి నాల్గవదాన రాకున్నచో ఆ నాల్గవది యెండినదని తెలియవలెను. ఇక ఎఱ్ఱదీపము దగ్గఱ ఆగి మరల కదలునప్పుడు మాత్రమే వచ్చు ఒంటరి టంగునకు పెక్కుసారులు స్లిప్ యోకు గాడులే కారణము, గ్రీజుతో నయమగును. దానిని ఊడదీసినచో మరల తొడుగునప్పుడు రెండు కొనల యోకులు ఒకే సమతలమున నుండునట్లు గుర్తులు కలిపి తొడుగవలెను, లేనిచో పోయిన టంగునకు బదులు వణకు సంప్రాప్తించును.

"పినియను యోకును": ఇచ్చటి "ను" ద్వితీయ మాత్రమే కాదు, సముచ్చయము కూడ. అనగా, కవి నోట రాని వానిని సైతము దీనిచేత గ్రహింపవలెను. అవి యేవనగా, ఇరుసును కమానుకట్టకు బిగించు యు-బోల్టులు, కట్ట నడుమనుండు సెంటరు బోల్టు, షేకిలు బుష్షులు. సెంటరు బోల్టు తెగినచో ఇరుసు కట్టమీద జరిగి, బయలుదేరునప్పుడొకమాఱు, బ్రేకు వేసినప్పుడొకమాఱు టంగుమనును; దీనిని డిఫరెన్షియలుకు అంటగట్టుట ఘోరము. సీజే-3బీ వెనుక ఇరుసు కొన మొన తేలి యుండును. హబ్బు దానిపై కూర్చుండి, ఒక చిన్న కీతో బంధింపబడి, నట్టుతో బిగింపబడును. ఆ నట్టు సడలెనా, కీ తన గాడిని తినివేయును, చప్పుడు చక్రమునుండియే వచ్చును. సముచ్చయమును ఇంతటి విస్తారముగ వ్యాఖ్యానించుట అతియని విద్వాంసులు అనవచ్చును. హబ్బు నట్టు సడలిన జీపులో ఘాటురోడ్డు దిగిన విద్వాంసుడు అనడు.

పూర్వపక్షము: "మా జీపు నాలుగు చక్రముల గేరు వేసి తారురోడ్డుపై మలుపు తిరిగినప్పుడు మాత్రమే బిగిసి, పిదప టంగుమనును, ఇదియు క్రాసు దోషమా?" సిద్ధాంతము: కాదు. మలుపున ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము నడచును. ఈ జీపులకు ముందు వెనుకల నడుమ డిఫరెన్షియలు లేదు గనుక షాఫ్టులు మెలిపడి, బురదలోనైన చక్రము జాఱి సర్దుకొనవలసినది తారుపై సర్దుకొనలేక, కడకు తెగించి విడివడును. దోషము లోహమునకు గాదు, గేరు వేసిన చేతికి.

ఇక పాఠాంతరము. కొన్ని షెడ్లలో రెండవ పాదము "క్రౌను ముందు చూడు" అని పఠింపబడుచున్నది. యతి నిలిచినది, ఛందస్సు చెడలేదు. చెడునది యజమాని సంచి. క్రౌను పినియనులు జతగ ఒరసి సిద్ధపఱచినవి. వాని పండ్లు కలియు తీరును నిర్ణయించునవి పలుచని షిమ్ములు, ఆ సందును కొలుచునది అంగుళమున వేయవవంతు లెక్క. అనవసరముగ విప్పి, షిమ్ములను గంపలో కలిపి, అందాజున బిగించినచో, ఇదివఱకు టంగుమనునది యిప్పుడు ఊళకూత కూయును. కావున "క్రాసు ముందు చూడు" అనునదే గ్రాహ్యపాఠము.

కవి చెప్పక విడిచినదొకటి కలదు; అది క్షమింపరానిది. ఈ జీపుల చేతిబ్రేకు చక్రములను పట్టదు; ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక నున్న డ్రమ్మునందు షాఫ్టును పట్టును. అది వేసియుంచి షాఫ్టు త్రిప్పినచో ముందరి క్రాసు, స్లిప్ యోకుల ప్లే తప్ప ఇరుసులోని దేదియు కనబడదు; కావున గేరు న్యూట్రలున నుంచి బ్రేకు వదలక తప్పదు. వెనుక చక్రము ఒక్కటి జాకీపై లేపితిరా, బ్రేకు వేసియున్నను లేచిన చక్రము ఒకవైపు, నేలనున్నది వేఱొకవైపు తిరుగుటకు డిఫరెన్షియలు అనుమతించును గనుక జీపు దొరలిపోవును. చదువరులు సమతలమైన నేల చూచుకొని, నాలుగు చక్రములకును ముందు వెనుకల పెద్ద రాళ్లు పెట్టి, వానిని మరొకరిచేత తన్నించి చూచిన పిమ్మటనే క్రిందికి దూరవలెను.