చేపకు ఐసు, డ్రైవరుకు నోటీసు

ఆకివీడు, కైకలూరు వైపు చెరువు పట్టుబడి జరిగే రోజున బొచ్చె చేపకు దక్కే మర్యాద చూసి తీరాలి. గట్టు మీద కాటా సిద్ధంగా ఉంటుంది. ఐసు దిమ్మలు మిషన్లో పడి పొడిపొడిగా నలుగుతుంటాయి. ట్రే అడుగున ఒక పొర ఐసు, దాని మీద చేపలు, ఆపైన మళ్లీ ఐసు. ట్రేలన్నీ లారీకెక్కాక పట్టా కప్పి, తాళ్లు బిగించి, "దారిలో ఎక్కడా ఆపకు, సరుకు మెత్తబడుద్ది" అని నాలుగుసార్లు చెప్పి హౌరాకు సాగనంపుతారు. అత్తారింటికెళ్లే కూతురికి కూడా ఇన్ని జాగ్రత్తలు చెప్పరు.

ఇదంతా చచ్చిపోయిన చేపకు. దాన్ని మోసుకెళ్లే మనిషి ఇంకా బతికే ఉన్నాడు గనక ఆయన గురించి ఎవరికీ కంగారు లేదు. ఇంజను సెగ కాళ్ల దగ్గర నుంచి, రోహిణి కార్తె ఎండ ముందు అద్దంలోంచి, రెండూ కలిసి ఆయన్ని నిదానంగా ఉడికిస్తుంటాయి. చేప మెత్తబడితే తెగ్గోసేది కిరాయి. ఆ కిరాయిలోంచి తెగేది ఆయన బత్తా.

కేంద్రం పట్టించుకోలేదంటే కళ్లు పోతాయి. పట్టించుకుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ ఉండి తీరాలని నిబంధన పెట్టింది. అంతకుముందు తయారైన లారీలో కూర్చున్నవాడు ఆ లారీ తుక్కుకు పోయేదాకా ఓపిక పట్టాలి. మన దేశంలో లారీ ఎంత గట్టి పిండమంటే, ఓపిక పట్టినవాడే ముందు పోవచ్చు. పోనీ కొత్త లారీయే ఇచ్చారనుకుందాం. స్విచ్చి ఆయన చేతికి దగ్గర్లోనే ఉంటుంది గానీ లెక్క ఓనరు ఫోనులో ఉంటుంది. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చింది, బండి ఎక్కడ నిలబడింది, ఎంతసేపు నిలబడింది, అన్నీ అందులో కనబడతాయి.

"ఏరా అబ్బాయ్, తుని దాటాక ముప్పావు గంట ఆపావంట?"

"భోజనానికండి."

"ముప్పావు గంట తినడానికి అదేమన్నా పెళ్లి భోజనమా?"

బండికి జీపీఎస్ పెట్టిందే దొంగల భయంతో. ఇప్పటిదాకా అది పట్టుకున్నది మాత్రం అన్నం తినేవాళ్లనే.

ఇక లెక్కలోకి వద్దాం. ఆకివీడు నుంచి హౌరాకు సుమారు 1,100 కిలోమీటర్లు. సాయంత్రం లోడైన బండి రెండో తెల్లవారుజాముకు మార్కెట్లో దిగాలి, పాట అప్పుడే. సరుకు బండికి చట్టం ఇచ్చిన గరిష్ఠ వేగం గంటకు 80. టోలు గేట్లు, ఊళ్లు, గేదెలు, రాంగ్ రూటులో ఎదురొచ్చే ట్రాక్టర్లు, డివైడరు పగలగొట్టుకుని చేసుకున్న సొంత దారులు, ఇవన్నీ కలుపుకొంటే సగటున 40 పడితే ఆ డ్రైవరు మొనగాడు. మన దేశంలో 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టమని ఒకటి చేశారు. దాని ప్రకారం డ్రైవరుకు రోజుకు 8 గంటల పని, వారానికి 48. ఏకబిగిన ఐదు గంటలు నడిపితే అరగంటైనా విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. దూరపు రూట్లకు అనుమతి మీద కాస్త పొడిగించుకునే వీలుండేది. ఈ చట్టాన్ని నమ్ముకుని మన డ్రైవరు రోజుకు ఎనిమిది గంటలే నడిపాడనుకోండి, నాలుగో రోజుకు హౌరా చేరతాడు. ఆయనకంటే ముందు వాసన చేరుతుంది.

అంటే చట్టం అబద్ధం చెప్పాలి, లేదా చేప అబద్ధం చెప్పాలి. చేప చెప్పదు. ఐసు కరిగిపోతూ గంట గంటకూ నిజమే చెబుతుంటుంది. అబద్ధమాడే బాధ్యత చట్టం మీద పడింది, అది సంతోషంగా ఒప్పుకుంది.

దీనికి విరుగుడు మన పెద్దలకు తెలియక కాదు. నేషనల్ పర్మిట్ లారీకి కనీసం ఇద్దరు డ్రైవర్లుండాలని ఒకప్పుడు నిబంధన రాశారు. రెండోవాడు కాళ్లు చాపుకుని పడుకోవడానికి డ్రైవరు సీటు వెనక క్యాబిన్ వెడల్పునా సీటుండాలని కూడా అందులోనే రాశారు. ఎంత చక్కటి ఆలోచన! తర్వాత ఆ నిబంధననూ సడలించారు. రెండో డ్రైవరు జీతం మిగిలింది, క్లీనరు జీతం కూడా మిగిల్చేవాళ్లు తయారయ్యారు, సీటు మాత్రం అలాగే మిగిలింది. దాని మీద ఇప్పుడు చిన్న గ్యాసు స్టవ్వు, బియ్యం డబ్బా, తాళ్ల చుట్ట, ఒక దుప్పటి, ఆర్‌సీ, పర్మిట్, ఫిట్‌నెస్, పొల్యూషన్, ఇన్సూరెన్సు కాగితాలున్న రెగ్జిన్ సంచి కాళ్లు చాపుకుని పడుకుంటాయి.

"దారిలో నిద్ర లేకపోతేనేం, హౌరాలో దించాక పడుకుంటాడుగా" అంటారు కడుపులో చల్ల కదలనివాళ్లు. పడుకోవచ్చు, తిరుగు లోడు దొరికేదాకా ఎన్ని రోజులైనా. హౌరా దగ్గర్లోని డాన్‌కుని చుట్టుపక్కల ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల ముందు నంబరు కోసం బండి పెట్టుకుని కూర్చోవడమే ఆ పడుకోవడం. కన్ను మూస్తే ట్యాంకులో ఆయిల్ పోతుంది, బ్యాటరీ పోతుంది, స్టెప్నీ పోతుంది. పట్టా కోసేవాళ్లు వేరే బ్యాచ్. పోయినదంతా ఎవరి ఖాతాలో రాస్తారో వేరే చెప్పాలా? అందుకని ఒక కన్ను బండి మీద పెట్టి రెండో కంటితో నిద్రపోయే విద్య మనవాళ్లు నేర్చుకున్నారు. ఈ కాపలాను పని కింద లెక్కేస్తారా అంటే, అదే 1961 చట్టంలో ఒక ముచ్చటైన నిర్వచనం ఉండేది. బండి నడిపే సమయం పని, దానికి అనుబంధంగా చేసేదీ పని, టెర్మినల్ దగ్గర ఊరికే హాజరై ఉండడం కూడా పనే, అయితే పదిహేను నిమిషాల లోపైతేనే! పద్నాలుగు నిమిషాలు నిలబెడితే కూలీ కష్టం. మూడు రోజులు నిలబెడితే వేసవి విడిది.

ఈ విడిదిలో స్నానాల గది ఎక్కడుందని అడక్కండి. లారీని లోపలికి రానిచ్చే గోడౌన్లు డ్రైవరుకు మరుగుదొడ్డి చూపించవు. "బయట చూసుకో" అంటాడు సెక్యూరిటీ. ఆ బయటనే మనం స్వచ్ఛ భారత్ అంటాం.

తిరుగు లోడు దొరికితే ఈ-వే బిల్లు చేతికొస్తుంది. (తాజా చేపకు జీఎస్టీ లేదు, ఈ-వే బిల్లూ లేదు. చేప అదృష్టం ఇంకా ఎన్ని చోట్ల ఉందో!) ఈ బిల్లు గడువు లెక్కలో రోజుకు 200 కిలోమీటర్లు. 2021కి ముందు 100 ఉండేది. సర్కారు కాగితం తాపీగా నడుస్తుంది, అలసిపోతే గడువు పొడిగించమని పోర్టల్‌లో అడుక్కునే వెసులుబాటు కూడా దానికుంది. డ్రైవరుకు ఆ పోర్టల్ లేదు.

రోడ్డు మీద దేవుళ్లు చాలామంది. డ్యాష్‌బోర్డు మీద ఉండే అమ్మవారు, ఆంజనేయస్వామి నిమ్మకాయ దండతో తృప్తి పడతారు. చెయ్యెత్తి బండి ఆపే దేవుళ్లకు అది సరిపోదు. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక టోలు గేటు దగ్గర చిల్లర గొడవ తీరింది. ఆ మిగిలిన చిల్లర ఎక్కడ పెట్టాలో వంతెన దిగాక నీడలో నిలబడ్డ జీపు చెబుతుంది. కాగితాలన్నీ ఉంటే లైటు సరిగా లేదు. లైటుంటే రిఫ్లెక్టర్ టేపు వెలిసిపోయింది. అదీ ఉంటే బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు ఆ చూపేంటి? ఇందులోనూ డిజిటల్ ఇండియా వచ్చింది. నోటు తీసుకుంటే ఏసీబీ భయం కాబట్టి పక్క టీకొట్టు స్కానరుకు కొట్టమంటారు. రెండు రూపాయల బిస్కెట్టు కూడా తినకుండా వందల రూపాయల టీ బిల్లు కట్టేది ఈ దేశంలో లారీ డ్రైవర్లొక్కరే.

ఓవర్‌లోడ్ కథ ఇంకా రుచిగా ఉంటుంది. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకు జరిమానా 20,000, ఆపైన ఎక్కువైన టన్ను టన్నుకూ 2,000. నాపరాళ్లో కంకరో ఎక్కించింది వ్యాపారి. ఆ నాలుగు టన్నుల కిరాయికి ఆశపడి సరేనన్నది ఓనరు. కాటా మీద దొరికింది డ్రైవరు. "నీకు బుద్ధి లేదా?" అని ఆయన్నే అడుగుతారు. ఉంటే ఈ ఉద్యోగానికి వస్తాడా?

నిద్ర సంగతి పోలీసులు మరిచిపోలేదు, వాళ్ల రుణం ఉంచుకోకూడదు. ఆంధ్రప్రదేశ్ హైవేల మీద అర్ధరాత్రి దాటాక లారీలు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించే కార్యక్రమం ఒకటుంది. 'ఫేస్ వాష్ అండ్ గో' అంటారు. బకెట్టు, మగ్గు, ఒక కానిస్టేబులు. దోసిట్లో నీళ్లు పోస్తాడు, రెండు మంచి మాటలు చెబుతాడు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉంటాయి, ఆయనదీ రాత్రి డ్యూటీయే. ఆ మనిషిని నేనేమీ అనను. కార్యక్రమానికి పేరు పెట్టినవారి నిజాయితీని మాత్రం మెచ్చుకోకుండా ఉండలేను. మొహం కడుక్కో, పో. పడుకో అన్న మాట పొరపాటున కూడా దొర్లలేదు. ఎక్కడ పడుకుంటాడు? బండి హైవే పక్కన ఆపితే రోడ్డు మార్జిన్‌లో పార్కింగ్ అని ఈ-చలానా, పెట్రోలు బంకులో ఆపితే "ఆయిల్ పట్టిస్తావా, తీస్తావా?" అన్న అదిలింపు, ఊళ్లోకి తిప్పితే పగలు నో ఎంట్రీ. 2024 ఫిబ్రవరిలో ప్రధాని హైవేల వెంట డ్రైవర్లకు వెయ్యి విశ్రాంతి భవనాలు కట్టిస్తామన్నారు. మంచిదే. అవి అన్ని దారుల్లో లేచేదాకా మగ్గుతో సరిపెట్టుకోవాలి.

ఇన్ని రకాలుగా నిద్ర లేకుండా చేశాక ఒక రాత్రి బండి డివైడరెక్కుతుంది. తెల్లారేసరికి పత్రికల్లో వాక్యం సిద్ధంగా ఉంటుంది: 'డ్రైవరు నిద్రమత్తే ప్రమాదానికి కారణం.' ఎక్కడో ఆ అక్షరాలు పేర్చి పెట్టుకుని తేదీ మాత్రం మారుస్తారేమోనని నా అనుమానం. నిద్రమత్తుకు కారణమేమిటో రాసిన వార్త వెతికి చూడండి. ఓనరు ఎన్ని గంటలకు దించమన్నాడో, ఎన్ని రాత్రుల తర్వాత ఈ రాత్రి వచ్చిందో, ఎఫ్‌ఐఆర్‌లో ఆ గడులు లేవు.

శిక్షల విషయంలో మాత్రం మనవాళ్లు చురుకు. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతిలో రెండేళ్ల దాకా ఉండేది. కొత్త భారతీయ న్యాయ సంహిత 106(2)లో, గుద్ది పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అన్నారు. గుద్ది పారిపోవడాన్ని నేను వెనకేసుకురాను. రోడ్డు మీద నెత్తుటి మడుగులో ఉన్నవాణ్ని వదిలేసి పోయేవాడికి శిక్ష పడాల్సిందే. కానీ దిగి నిలబడితే పోలీసు కంటే ముందు గుంపు వస్తుందన్న సంగతి సెక్షను రాసినవాళ్లకు తెలియనిదా? తప్పు బైకుదైనా దెబ్బలు లారీవాడికే అన్నది మన హైవేల మీద రాయని చట్టం. దాన్ని సవరించే ఆలోచన ఏ సభలోనూ రాలేదు.

అప్పుడు 2024 జనవరి 1న డ్రైవర్లు స్టీరింగు వదిలారు. రెండు రోజులు. హైదరాబాదులో బంకుల ముందు క్యూలు కిలోమీటర్లు సాగాయి. ఒకాయన గుర్రమెక్కి భోజనం పార్శిళ్లు అందించాడు, దేశమంతా ఆ గుర్రాన్ని ఫోనుల్లో చూసి మురిసిపోయింది. గుర్రానికి వచ్చిన పేరులో సగం కూడా దాన్ని రోడ్డెక్కించిన డ్రైవర్లకు రాలేదు. పైగా 'వీళ్లకింత పొగరా' అని ట్యాంకు నింపుకోవడానికి వచ్చినవాళ్లంతా విసుక్కున్నారు. ట్యాంకరు దానంతటదే నడిచొస్తుందని అప్పటిదాకా అనుకున్నారు కాబోలు. రెండో రోజు రాత్రికి కేంద్రం చర్చలకు పిలిచింది. ఆ ఏడాది జులై 1న న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది, ఆ ఒక్క ఉపసెక్షను తప్ప.

2025లో సుప్రీంకోర్టు కూడా ఎనిమిది గంటల నిబంధన ఎలా అమలు చేస్తారో చూడమని కేంద్రానికి చెప్పింది. అదే ఏడాది నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి రావడంతో 1961 నాటి చట్టం వాటిలో కలిసిపోయింది. 64 ఏళ్ల సర్వీసులో ఇచ్ఛాపురం దాకా కూడా ఒక్క ట్రిప్పు కొట్టిన పాపాన పోలేదు, రిటైర్మెంటు మాత్రం దర్జాగా తీసుకుంది. రోజుకు ఎనిమిది గంటల పని అన్న మాట కొత్త కోడ్‌లోనూ ఉంది. అయ్యలారా, దాన్నైనా ఈసారి లారీ ఎక్కించండి.